పాత నవ్వుల బెంగ: ఒక జార్జియా ఊరి జ్ఞాపకాలు, మరపులు

కొన్ని మాటలు వైద్యశాస్త్రంలో పుట్టి, కాలక్రమాన అక్కడి నుంచి తప్పుకొని, సాహిత్యంలోనూ వ్యాపారంలోనూ స్థిరపడతాయి. ‘నోస్టాల్జియా’ అటువంటి మాట. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో యోహానెస్ హోఫర్ అనే పందొమ్మిదేళ్ళ వైద్యవిద్యార్థి ఈ మాటను సృష్టించాడు. ఇంటికి తిరిగిరావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక అది. పరాయి దేశాల్లో ఉన్న స్విస్ యువకులు తిండి మానేసి, నిద్రపట్టక, జ్వరపడి చిక్కిపోవడాన్ని అతను ఒక రోగంగా వర్ణించాడు. దానికి అతను నమ్మిన అసలైన మందు రోగిని ఇంటికి పంపించడమే. తెలుగులో ఈ రోగానికి పేరు ఎప్పటి నుంచో ఉంది: బెంగ. పిల్లవాడు అమ్మమ్మ ఊరి నుంచి రాగానే జ్వరపడితే ‘బెంగ పెట్టుకున్నాడు’ అని పెద్దవాళ్ళు ఏ పరీక్షా లేకుండానే రోగనిర్ధారణ చేసేవారు.

ఈ రోగానికి సంగీతంతో ఉన్న సంబంధాన్ని కూడా ఆనాటివాళ్ళు గమనించారు. ఆల్ప్స్ కొండల్లో పశువులను పిలవడానికి పాడే బాణీలు వినబడితే స్విస్ సైనికులు ఏడ్చేవారని, కొలువు వదిలి పారిపోయేవారని, అందువల్ల వారి దళాల్లో ఆ బాణీని నిషేధించారని రూసో తన సంగీత నిఘంటువులో రాశాడు. ఆ సందర్భంలో ఆయన చెప్పిన విషయం గమనించదగ్గది. ఆ బాణీ ఆ సైనికులపై సంగీతంగా కాక జ్ఞాపకచిహ్నంగా పనిచేస్తుంది. పరాయివాడికి అందులో ఏ మహత్తూ కనిపించదు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యపు వైద్యులు కూడా నోస్టాల్జియాను రోగాల పట్టికలో చేర్చారు. వేలకొద్దీ కేసులు, పదులకొద్దీ మరణాలు దాని కింద నమోదయ్యాయి.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి అది రోగం కాకుండా పోయి ఆహ్లాదంగా మారింది. పాత రాక్ సంగీతం, పాత హాస్య కార్యక్రమాలు, పాత సినిమాలు ఇప్పుడు పెద్ద వ్యాపారం. యౌవనంలో విన్న పాట జీవితాంతం మిగతా పాటలకన్నా గాఢంగా గుర్తుండిపోతుందని మనస్తత్వశాస్త్రజ్ఞులు చెబుతారు కనుక, ప్రతి తరమూ తన యౌవనకాలపు సంగీతాన్నే స్వర్ణయుగంగా భావించడంలో వింత లేదు. అయితే బెంగ ఏది గుర్తుంచుకుంటుంది, ఏది వదిలిపెడుతుంది అన్నది వేరే ప్రశ్న. వ్యక్తి విషయంలో అది స్వవిషయం కావచ్చు. ఒక ఊరు మొత్తం బెంగ పెట్టుకున్నప్పుడు మాత్రం అది చరిత్రకు సంబంధించిన ప్రశ్న అవుతుంది. దాన్ని పరిశీలించడానికి జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన సుమారు నలభై మైళ్ళ దూరంలో ఉన్న కమ్మింగ్ తగిన ఊరు. నేడు వేలాది తెలుగువారికి చిరునామా అయిన ఫోర్‌సైత్ కౌంటీకి అది ముఖ్యపట్టణం.

రోడ్డు పేరులో మిగిలిన హాస్యం

కమ్మింగ్ ప్రాంతంలో జాట్-ఎమ్-డౌన్ అనే రోడ్డు ఉంది. ‘పద్దులో రాసుకో’ అన్నది ఆ మాటకు దగ్గరి తెలుగు. అరువు మీద సరుకు ఇచ్చి ఖాతా పుస్తకంలో రాసుకునే పల్లెటూరి కిరాణాకొట్టు అందులో కనిపిస్తుంది. ఈ మాటను అమెరికా అంతటా ప్రసిద్ధం చేసింది ‘లమ్ అండ్ అబ్నర్’ అనే రేడియో హాస్య ధారావాహిక. చెస్టర్ లాక్, నారిస్ గాఫ్ అనే ఇద్దరు ఆర్కన్సా యువకులు 1931లో దాన్ని ప్రారంభించారు. పైన్ రిడ్జ్ అనే ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళు నడిపే జాట్-ఎమ్-డౌన్ కొట్టు దాని రంగస్థలం. ఊళ్ళోని పాత్రల్లో అధికభాగానికి ఆ ఇద్దరే గొంతులు మార్చి ప్రాణం పోసేవారు. ఆ కార్యక్రమం 1954 దాకా సాగింది. దాని ప్రభావం ఎంతటిదంటే, ఆర్కన్సాలో వాటర్స్ అనే నిజమైన ఊరు 1936లో తన పేరును పైన్ రిడ్జ్‌గా మార్చుకుంది. దేశంలో ఎన్నో పల్లెటూరి కొట్లు జాట్-ఎమ్-డౌన్ అని బోర్డులు కట్టుకున్నాయి.

ఈ హాస్యం పుట్టుకలో ఒక చిన్న వివరం ఉంది. లాక్, గాఫ్ మొదట సిద్ధం చేసుకున్నది పల్లెటూరి ముసలివాళ్ళ వేషం కాదు. ముఖానికి మసి పూసుకున్నట్టుగా నల్లవారి యాసను అనుకరించే వేషం. 1928లో మొదలైన ‘ఏమోస్ అండ్ ఆండీ’ అనే కార్యక్రమంలో ఇద్దరు తెల్లజాతి నటులు నల్లవారిగా మాట్లాడి దేశాన్నంతా నవ్విస్తున్న రోజులవి. అప్పటికే అటువంటి జంటలు మరీ ఎక్కువయ్యాయని గ్రహించి, లాక్, గాఫ్ పరీక్షకు వెళ్ళినప్పుడు కొండప్రాంతపు పల్లెవాసుల గొంతులు ఎత్తుకున్నారు. ఎవరి యాస నవ్వుకు పనికివస్తుందన్న నిర్ణయం అలా జరిగింది.

జాట్-ఎమ్-డౌన్ రోడ్డు మీదే తరువాతి కాలంలో లేనియర్‌లాండ్ అనే కంట్రీ సంగీత ప్రాంగణం నడిచింది. వేసవి రాత్రుల్లో నాష్‌విల్ నుంచి పేరున్న గాయకులు వచ్చి పాడేవారు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో అది మూతపడింది. ఊళ్ళోని పెద్దవయసువారికి ఆ పేరు వింటే కలిగేది రూసో చెప్పిన జ్ఞాపకచిహ్నం కలిగించే భావమే.

జూనియర్ సాంపుల్స్

పాత హాస్యాన్ని ఇష్టపడే అమెరికన్లకు కమ్మింగ్ అనగానే గుర్తొచ్చే పేరు జూనియర్ సాంపుల్స్. 1926లో ఈ ఊళ్ళోనే పుట్టి, 1983 నవంబరులో ఈ ఊళ్ళోనే మరణించిన ఈయన నటన నేర్చుకోలేదు, నాటకాలు ఆడలేదు. ప్రాథమిక పాఠశాల స్థాయిలోనే చదువు ఆగిపోయింది. రంపపు మిల్లులో పనిచేశాడు. నలభై యేళ్ళు వచ్చేదాకా చుట్టుపక్కలవారికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆయనను ప్రసిద్ధుణ్ణి చేసింది ఒక అబద్ధం. బాస్ అనే మంచినీటి చేపల్లో ప్రపంచ రికార్డు అప్పట్లో జార్జియాదే. 1932లో జార్జ్ పెరీ అనే రైతు పట్టిన చేప తూకం 22 పౌన్ల 4 ఔన్సులు, అంటే పది కిలోలకు కొంచెం ఎక్కువ. దాన్ని మించిన చేపను తాను పట్టానని, సముద్రపు చేప తలకాయ ఒకటి చూపించి, సాంపుల్స్ ప్రచారం చేశాడు. ఆ మాట రాష్ట్రపు వేట, చేపల శాఖవారి చెవిన పడింది. అధికారి ఒకరు వచ్చి ఆయనతో మాట్లాడి రికార్డు చేశారు. ఆ సంభాషణలో సాంపుల్స్ నసుగుతూ, తడబడుతూ, ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి అతికిస్తూ చెప్పిన తీరు వినేవారిని నవ్వుల్లో ముంచింది. 1967లో నాష్‌విల్‌లోని చార్ట్ రికార్డ్స్ సంస్థ దాన్ని గ్రామఫోను రికార్డుగా విడుదల చేసింది. పాటలకు ఉద్దేశించిన కంట్రీ జాబితాల్లోకి ఈ మాటల రికార్డు కూడా ఎక్కింది.

రెండేళ్ళ తరువాత, 1969 జూన్ 15న, సీబీఎస్ టెలివిజన్‌లో ‘హీ హా’ మొదలైంది. బక్ ఓవెన్స్, రాయ్ క్లార్క్ అనే ఇద్దరు గొప్ప కంట్రీ సంగీతకారులు దాని నిర్వాహకులు. పాటకూ పాటకూ మధ్య మొక్కజొన్న చేలోంచి తలలు పైకెత్తి చిన్న చిన్న జోకులు చెప్పే పల్లెటూరివాళ్ళు దాని అలంకారం. అందులో పాతకార్లు అమ్మే వ్యాపారిగా సాంపుల్స్ వేసిన వేషం చిరస్థాయి అయింది. ఎదురుగా పట్టుకున్న అట్టమీది మాటలు చదవలేక ఆయన తడబడేవాడు. ఆ తడబాటునే నిర్మాతలు ఉంచేసేవారు. చివరికి టెలిఫోను నంబరున్న పలకను ఎత్తి చూపించేవాడు: బీఆర్-549. అంకెలు చాలని ఆ నంబరు ఎంత ప్రసిద్ధమయిందంటే, 1990ల్లో నాష్‌విల్‌లో ఏర్పడిన ఒక కంట్రీ బృందం దాన్నే పేరుగా పెట్టుకుంది.

‘హీ హా’ చరిత్రలో రెండు విడ్డూరాలున్నాయి. అమెరికా దక్షిణాది పల్లె జీవితానికి ప్రతీకగా నిలిచిన ఈ కార్యక్రమాన్ని రూపొందించిన ఫ్రాంక్ పెప్పియాట్, జాన్ ఐల్స్‌వర్త్ ఇద్దరూ కెనడావారు. ఇక అది ప్రసారమయింది స్మదర్స్ సోదరుల హాస్య కార్యక్రమం ఖాళీ చేసిన స్థానంలో. వియత్నాం యుద్ధాన్ని, ప్రభుత్వాన్ని వెక్కిరించిన ఆ సోదరులను సీబీఎస్ అదే యేడు తొలగించింది. నొప్పించే హాస్యం పోయి, నొప్పించని హాస్యం వచ్చింది.

నొప్పించకపోయినా అది కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1971లో సీబీఎస్ తన పల్లెటూరి కార్యక్రమాలన్నిటినీ ఒక్క వరసన ఊడ్చేసింది. ‘హీ హా’తో పాటు ‘బెవర్లీ హిల్‌బిలీస్’, ‘గ్రీన్ ఏకర్స్’ కూడా పోయాయి. ప్రేక్షకులు తగ్గి కాదు. ప్రకటనదారులకు కావలసింది నగరాల్లోని యువత కావడం వల్ల. అదే యేడు సాయంకాలపు కొంత వేళను స్థానిక స్టేషన్లకు విడిచిపెట్టాలనే ప్రభుత్వ నియమం అమల్లోకి రావడంతో, నిర్మాతలు ఒక్కొక్క స్టేషనుకూ విడివిడిగా ‘హీ హా’ను అమ్మారు. అలా అది మరో ఇరవై యేళ్ళు బతికింది. నగరం వద్దన్న కార్యక్రమాన్ని పల్లెలు నిలబెట్టుకున్నాయి. తమను చూసి ఇతరులు నవ్వుతున్నారని తెలిసీ, ఆ నవ్వులో తామూ కలిసి, అందులో తమ ఇంటిని చూసుకున్నారు. సాంపుల్స్ పట్ల కమ్మింగ్ వాసులకున్న ప్రేమలో ఈ ఆత్మగౌరవం ఉంది. దాన్ని చులకన చేయడం న్యాయం కాదు.

జార్జియా రాక్: ఎవరి వారసత్వం?

సరిగ్గా అదే కాలంలో జార్జియాలో మరో సంగీతం పెరిగింది. 1969లో మేకన్ పట్టణంలో ఫిల్ వాల్డెన్ తదితరులు కేప్రికార్న్ రికార్డ్స్‌ను స్థాపించారు. ఆల్‌మన్ బ్రదర్స్ బృందం అక్కడ వేళ్ళూనింది. 1970 జూలైలో మేకన్ సమీపంలోని బైరన్‌లో జరిగిన పాప్ ఉత్సవానికి లక్షల్లో జనం వచ్చారు. జిమి హెండ్రిక్స్ అక్కడ వాయించాడు. అట్లాంటా పక్కనున్న డోరావిల్‌లోని స్టూడియో వన్‌లో లినర్డ్ స్కినర్డ్ తమ మొదటి ఆల్బమ్‌ను రికార్డు చేసింది. అది 1973లో వెలువడింది. నేడు ‘క్లాసిక్ రాక్’ అని పిలుస్తున్న సంగీతంలో ముఖ్యమైన భాగం ఇలా జార్జియా గడ్డమీద రూపుదిద్దుకుంది.

‘క్లాసిక్ రాక్’ అన్నది సంగీతజ్ఞులు పెట్టిన పేరు కాదు. 1980ల మధ్యలో రేడియో వ్యాపార సలహాదారులు, ముప్పై దాటిన శ్రోతలు ఏ పాటలకు స్టేషన్ మార్చకుండా ఉంటారో పరిశోధించి తయారుచేసిన పాటల జాబితాకు అది పేరు. ఆ జాబితాలోకి ఏవి రావాలో నిర్ణయించింది శ్రోతల వయసు, వారి కొనుగోలు శక్తి. అలా వచ్చినదానిలో హెండ్రిక్స్ మినహా నల్లజాతి సంగీతకారులు అరుదు.

వేళ్ళు చూస్తే మాత్రం కథ వేరు. ఆల్‌మన్ బ్రదర్స్‌కు శాశ్వత కీర్తి తెచ్చిన 1971 నాటి ఫిల్‌మోర్ ఈస్ట్ ఆల్బమ్‌లో మొదటి పాట ‘స్టేట్స్‌బరో బ్లూస్’. అది జార్జియాకు చెందిన అంధ నల్లజాతి గాయకుడు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో రికార్డు చేసిన పాట. ఆ బృందపు ఇద్దరు డ్రమ్మర్లలో ఒకరైన జైమో నల్లజాతివాడు. వాల్డెన్ అంతకుముందు ఓటిస్ రెడింగ్‌కు మేనేజరు. లిటిల్ రిచర్డ్ పుట్టిన ఊరు కూడా మేకనే. ‘హీ హా’లో రాయ్ క్లార్క్ అద్భుతంగా వాయించిన బాంజో సైతం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి చేతుల్లో రూపొందిన వాద్యం. అంటే ఈ పాత సంగీతపు బెంగలో, పాటలు మిగిలి, వాటిని కన్నవారు మరుగునపడ్డారు. కమ్మింగ్‌లో ఆ మరుగు ఒక పోలిక మాత్రమే కాదు, జనగణన లెక్క.

లెక్కలో లేని 1,098 మంది

1910 జనగణన ప్రకారం ఫోర్‌సైత్ కౌంటీలో 1,098 మంది నల్లవారు ఉన్నారు. వారిలో సొంత భూమి ఉన్న రైతులున్నారు, కౌలుదారులున్నారు, వారికి చర్చిలున్నాయి. 1912 సెప్టెంబరులో ఆస్కార్‌విల్ అనే పల్లె దగ్గర మే క్రో అనే పద్దెనిమిదేళ్ళ తెల్లజాతి యువతి తీవ్రంగా గాయపడి కనిపించింది. రెండు వారాల తరువాత మరణించింది. అనుమానితుల్లో ఒకడైన రాబ్ ఎడ్వర్డ్స్‌ను సెప్టెంబరు 10న జనం కమ్మింగ్ జైలు నుంచి లాగి చంపి, ఊరి నడిబొడ్డున వేలాడదీశారు. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కర్ డేనియల్ అనే ఇద్దరు కుర్రవాళ్ళను హడావిడి విచారణ తరువాత అక్టోబరు 25న వేల మంది చూస్తుండగా ఉరితీశారు. ఆ వారాల్లోనే గుర్రాల మీద రాత్రిపూట తిరిగే గుంపులు ఇళ్ళపై కాల్పులు జరిపి, చర్చిలు తగలబెట్టి, నల్లవారిని దాదాపు అందరినీ కౌంటీ నుంచి తరిమేశాయి. కొందరు అయినకాడికి పొలాలు అమ్ముకున్నారు. మరికొందరికి ఆ అవకాశమూ దక్కలేదు. ప్యాట్రిక్ ఫిలిప్స్ 2016లో ప్రచురించిన ‘బ్లడ్ ఎట్ ద రూట్’ ఈ చరిత్రను సవివరంగా నమోదు చేసింది. ఆయన ఆ కౌంటీలోనే పెరిగినవాడు.

ఆ తరువాత ముప్పావు శతాబ్దం ఫోర్‌సైత్ దాదాపు పూర్తిగా తెల్లవారి కౌంటీగానే ఉంది. 1950లో బ్యూఫర్డ్ ఆనకట్ట పని మొదలై, ఆ దశాబ్దం చివరికి చట్టహూచీ నది నీటితో సుమారు 38,000 ఎకరాల సరస్సు నిండింది. దానికి సిడ్నీ లేనియర్ పేరు పెట్టారు. ఆయన మేకన్‌లో పుట్టిన కవి, వేణువాద్యకారుడు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడి, క్షయతో 1881లో మరణించినవాడు. నల్లవారి పట్టణాన్ని ముంచి ఈ సరస్సు కట్టారన్న కథ ఈ మధ్య విస్తారంగా ప్రచారమవుతోంది. కాలక్రమం దాన్ని సమర్థించదు. నీళ్ళు వచ్చేనాటికి నల్లవారు వెళ్ళిపోయి నలభై యేళ్ళు దాటింది. అప్పుడు ఇళ్ళూ పొలాలూ వదులుకున్నవారు ప్రధానంగా తెల్లజాతి రైతులే. నీటిని దోషిగా చూపే కథ వినడానికి బాగుంటుంది, కాని మనుషులు చేసినదాన్ని అది నీటి మీదికి నెట్టేస్తుంది.

సాంపుల్స్ చేప కథ చెప్పింది ఇటువంటి కౌంటీలో. ఆయన మీద ఏ నేరమూ మోపనక్కరలేదు. 1912 నాటికి ఆయన పుట్టలేదు. కాని దేశం మొత్తం చూసి ముచ్చటపడిన ఆ అమాయకపు పల్లె, ఒక తరిమివేత మీద నిలిచిన పల్లె. ఆ ముచ్చట 1987 జనవరిలో చెదిరింది. జనవరి 17న వందకు లోపు మందితో సాగిన సౌభ్రాతృత్వ యాత్రపై స్థానికుల గుంపు రాళ్ళూ సీసాలూ విసిరింది. సరిగ్గా వారానికి, 24న, హోజియా విలియమ్స్, కొరెట్టా స్కాట్ కింగ్ తదితరులతో కలిసి సుమారు 20,000 మంది, నేషనల్ గార్డ్ రక్షణలో కమ్మింగ్ వీధుల్లో నడిచారు. ఎదురుగా నిలబడి అరిచినవారి చేతుల్లో ఉన్నది దక్షిణాది సమాఖ్య జెండా. ఆ దశాబ్దంలోనే కొన్ని రాక్ బృందాల వేదికల వెనుక అలంకారంగా వేలాడిందీ అదే జెండా. ‘మా చిన్ననాటి సంగీతానికి గుర్తు’ అని ఒకరు అనుకున్నది ఇంకొకరికి రాయి దెబ్బతో కలిసి గుర్తుండిపోయింది. రూసో గమనించని సంగతి ఇదే: ఒకే జ్ఞాపకచిహ్నం ఇద్దరికి రెండు జ్ఞాపకాలను ఇవ్వగలదు.

కొత్తగా వచ్చినవారి బెంగ

1980లో ముప్పై వేలకు లోపు జనాభా ఉన్న ఫోర్‌సైత్ కౌంటీలో 2020 నాటికి 2,51,283 మంది ఉన్నారు. వారిలో ఐదోవంతుకు కాస్త తక్కువగా ఆసియా సంతతివారు. అల్ఫరెట్టా చుట్టూ పెరిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, మంచి పేరున్న ప్రభుత్వ పాఠశాలలు తెలుగు కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. 1965 వలస చట్టం తరువాత వచ్చిన తొలితరంలో వైద్యులు ఎక్కువైతే, 1990ల తరువాతి తరంలో కంప్యూటర్ ఉద్యోగులు ఎక్కువ.

వీరు తమ బెంగను వెంట తెచ్చుకున్నారు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలయింది, వివిధభారతి 1957లో. మీనాక్షి పొన్నుదురై గొంతుతో రేడియో సిలోన్‌లో వచ్చిన తెలుగు పాటలు, ఆదివారం మధ్యాహ్నపు సంక్షిప్త శబ్దచిత్రాలు ఒక తరానికి పంచేంద్రియాల్లో ఇంకిపోయాయి. 1971లో ఘంటసాల అమెరికాలో పర్యటించినప్పుడు ఆయన ఎదుట కూర్చున్నవారు, హోఫర్ రోగుల్లాగే, పాట వినడానికన్నా ఇల్లు వినడానికి వచ్చినవారు. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే జనం థియేటర్లకు వెళ్ళారు. అమెరికాలో క్లాసిక్ రాక్ జాబితాలు తయారుచేసినవారి లెక్క తెలుగునాట కూడా తప్పలేదు.

తెలుగువారి పాత హాస్యానికీ ‘హీ హా’కూ ఉన్న పోలిక ఇంకొంచెం లోతైనది. నెల్లూరు యాసతో, సన్నని ఒంటితో రమణారెడ్డి పుట్టించిన నవ్వు నెల్లూరువారికి నేటికీ గర్వకారణం. యాసను సొంతవాడు, ఇష్టంతో, పాత్ర తెలివికి తగినట్టు వాడితే అది గౌరవమే. కాని అదే చలనచిత్ర సీమ మరో యాసకు ఈ మర్యాద ఇవ్వలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో నాయికానాయకులు కోస్తా జిల్లాల ప్రామాణిక భాష మాట్లాడితే, తెలంగాణ మాట ఎక్కువగా హాస్యగాళ్ళకూ రౌడీలకూ దక్కింది. చూసేవారిలో సగంమంది నవ్వినప్పుడు మిగిలిన సగం ఏమనుకున్నారో అడిగినవారు తక్కువ. తెలంగాణ ఉద్యమకాలంలో ఆ అవమానం బాహాటంగా చర్చకు వచ్చింది. ‘ఫిదా’, ‘బలగం’ వంటి సినిమాల్లో ఆ భాష హుందాగా వినబడింది ఆ తరువాతనే. పాత సినిమాలను ప్రేమించడానికి ఈ సంగతి అడ్డం కాదు. ప్రేమించేవారికి తెలిసి ఉండవలసిన సంగతి.

కమ్మింగ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి 1912 కూడా అటువంటిదే. అది తమ పూర్వీకులు చేసిన పని కాదు. అయినా ఇల్లు కొన్న నేల ఆ చరిత్రను మోస్తోంది. అంతకుముందు 1838లో చెరకీ ప్రజలను ఇదే నేల నుంచి సైన్యం వెళ్ళగొట్టింది. ఈ కౌంటీ దాదాపు ఎనభై యేళ్ళు పరాయివారికి మూసుకుపోయి, తరువాత తెరుచుకోవడానికి 1987లో దెబ్బలకు సిద్ధపడి నడిచినవారు ఒక కారణం. మూడు దశాబ్దాల తరువాత ఆసియావారు ఇక్కడ నిశ్చింతగా ఇళ్ళు కొనుక్కోగలిగారు. ఆ నడిచినవారి జాతివారి వాటా మాత్రం నేటికీ కౌంటీ జనాభాలో ఐదు శాతంలోపే. రాబ్ ఎడ్వర్డ్స్ హత్యను తెలిపే స్మారక ఫలకం కమ్మింగ్ నడిబొడ్డున నిలిచింది 2021లో, అంటే ఘటన జరిగిన నూట తొమ్మిదేళ్ళకు.

ప్రియదర్శిని

‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. ఎవరు తెరిస్తే వారికి అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు. పాత పాటలు, పాత హాస్యం అటువంటి పెట్టెలే. కమ్మింగ్ పాతకాపుకు అందులో సాంపుల్స్ పలక కనబడుతుంది, మేకన్ శ్రోతకు ఆల్‌మన్ గిటారు వినబడుతుంది, గుంటూరు నుంచి వచ్చినవారికి రేడియో సిలోన్ వినబడుతుంది. ఎవరి పెట్టె వారికి నిజం. ఇందులో ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు.

చిక్కంతా ఆ పెట్టెను చరిత్ర అనుకోవడంలో ఉంది. ప్రియమైనదాన్నే చూపించే పెట్టె జరిగినదాన్ని చూపించలేదు. మెక్‌టెల్ పేరు తెలిశాక ఆల్‌మన్ పాట అందం తగ్గదు. పాట ఎక్కడినుంచి నడిచి వచ్చిందో తెలుస్తుంది. 1,098 అనే అంకె తెలిశాక సాంపుల్స్ చేప కథకు నవ్వు రాకుండా పోదు. ఆ నవ్వు ఏ ఊళ్ళో పుట్టిందో తెలుస్తుంది. హోఫర్ తన రోగులకు చెప్పిన మందు ఇంటికి తిరిగివెళ్ళడం. పోయిన కాలానికి ఎవరూ తిరిగివెళ్ళలేరు కనుక ఈ బెంగకు ఆ మందు పనిచేయదు. ఉన్న ఊరిని పూర్తిగా తెలుసుకోవడం ఒకటే మిగిలింది. జాట్-ఎమ్-డౌన్ రోడ్డు మీదుగా పిల్లలను బడికి దింపే తెలుగు తల్లిదండ్రులు ఆ పేరు అర్థం అడిగిన పిల్లలకు రేడియో కొట్టు కథ చెప్పవచ్చు. పద్దులో రాసుకోకుండా వదిలేసినవాటి గురించి కూడా, పిల్లలకు వయసు వచ్చాక, చెప్పవలసి ఉంటుంది.